మిగిలిన నెలలెన్ని?

సుభాష్‌పల్లిలో మా వీధి కుర్రాడొకడు మొన్న ఆదివారం కాగితం పట్టుకుని వచ్చాడు. "మావయ్యా, కారు లోను వేరే బ్యాంకుకి మార్చేస్తున్నాను. కిస్తీ 9,370 నుంచి 6,582కి దిగిపోతోంది" అన్నాడు. సంతోషించాల్సింది పోయి నాకు చిరాకేసింది. సెకండ్ హ్యాండ్ కారుకి 14 శాతం వడ్డీతో ఏడేళ్ళ అప్పేమిట్రా అని రెండేళ్ళ క్రితమే అడిగాను. అప్పు చేసి బండి కొనొద్దని ఈ కాలమ్‌లో ఎంతగా మొత్తుకున్నానో మీకు తెలుసు. ఇప్పుడు ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు! మన ఇళ్ళల్లో దాన్ని మంచి లక్షణం అనరు.

ఆ మాటే అనబోతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) వర్క్‌షాపులో పనికి వచ్చినవాడు. వి.వి.గిరి గారు కార్మికుల పక్షాన నిలబడ్డ 1927 నాటి సమ్మె, లాకౌటు రెండూ చూశాడు. జీతం లేని ఆ నెలల్లో బియ్యం కోసం కాబూలీవాలా దగ్గర చెయ్యి చాచాడు. రూపాయికి నెలకు అణా వడ్డీ. ఏడాదికి 75 శాతమన్నమాట. కార్మికుల పేటల్లో అది మామూలు రేటేనని 1931లో వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ నివేదిక కూడా రాసింది. జీతాల రోజున గేటు బయట కాబూలీలు పొడుగాటి కర్రలతో కాచుకునేవాళ్ళట. వడ్డీ పట్టుకుపోయేవాళ్ళు, అసలు అలాగే ఉండేది. చివరికి తాతయ్య రైల్వే ఉద్యోగుల అర్బన్ బ్యాంకులో సభ్యుడై, ఇద్దరు తోటివాళ్ళ జామీనుతో అప్పు తీసుకుని, కాబూలీ బాకీ ఒక్క దెబ్బతో తీర్చేశాడు. ఆపైన నెలనెలా జీతంలో కోత. వెనక్కి వచ్చిన ప్రోనోటు ముక్కలు చేసి నాయనమ్మ పొయ్యిలో వేసిందట. "ఆ మర్నెల గేటు దాటుతుంటే ఎవడికీ తప్పుకోలేదు" అని తాతయ్య ముసలితనంలో కూడా చెప్పేవాడు. అప్పుతో అప్పు తీర్చాడని ఆయన్ను మా ఇంట్లో ఎవరూ చిన్నచూపు చూడలేదు.

అందుకే కుర్రాణ్ణి కూర్చోబెట్టి లెక్క వేశాను. 5 లక్షల అప్పులో ఇంకా 4,02,690 అసలుంది. 60 కిస్తీలు మిగిలాయి. కొత్త వడ్డీ 9.5 శాతం, మంచి రేటే. కానీ గడువు మళ్ళీ 84 నెలలు పెట్టారు! 6,582 చొప్పున మొత్తం 5,52,888 అవుతుంది. పాత అప్పులోనే ఉంటే కట్టాల్సింది 5,62,200. తేడా తొమ్మిది వేల చిల్లర. ముందుగా తీర్చినందుకు పాత ఫైనాన్స్ కంపెనీ అడిగే 4 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 19 వేలు. కిస్తీ తగ్గిందన్న మురిపెమే గానీ, దాదాపు పది వేలు నష్టం, పైగా రెండేళ్ళు అదనపు బాకీ.

అదే బ్యాంకులో, అదే రేటుకి 60 నెలలకే రాయిస్తే కిస్తీ 8,457. ఆ 19 వేలు పోను 35 వేలకు పైగా మిగులుతుంది. ప్రాసెసింగ్ ఫీజు తీసేసినా లాభమే. 9,370 కడుతున్నవాడికి 8,457 భారం కాదు. మార్చుకో, నెలలు మాత్రం పెంచనివ్వకు అని చెప్పి పంపాను.

2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, వ్యాపారానికి కాని వ్యక్తిగత ఫ్లోటింగ్ రేటు అప్పులకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కారు లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ రేటువి కాబట్టి ఆ ఊరట అందరికీ అందదు. కనుక సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటు అందులో ఉంటుంది. పాత అప్పు తీరగానే ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 చేతికి తీసుకుని, ఆర్సీలోంచి పాత కంపెనీ పేరు తీయించండి.