అంగన్‌వాడీ టీచరమ్మ పనితనం

1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చెప్పే ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చేరింది. పొద్దున పిల్లల కార్యక్రమాలు, తెలుగులో కూడా. గొప్ప పనే, కానీ ఏడాదికే ముగిసింది. అది నడుస్తుండగానే అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం పుట్టింది. ఆ పథకం మాత్రం నిలబడింది.

చక్రాయపేట లాంటి మండలాల్లో చిన్నపిల్లలకు తొలి చదువు చెప్పేది అంగన్‌వాడీ టీచరమ్మే. ఆమె పనితనం చూసి తీరాలి. శెనక్కాయలు కుప్పపోసి లెక్క నేర్పుతుంది. పాటకు చేతులు తిప్పుతూ, మూల ముడుచుకున్న పిల్లవాణ్ణి “రా నాయనా, నువ్వు జెప్పు” అని పిలుస్తుంది. వాడు నోరు విప్పేదాకా పాట ఆపి కాచుకుంటుంది. ఆ కాచుకోవడమే అసలు విద్య. టీవీ ప్రశ్న అడగగలదు గానీ, ఏ బిడ్డకు ఎంతసేపు ఆగాలో దానికి తెలియదు.

మధ్యలో అన్నం పెట్టాలి, బరువు తూచాలి, రికార్డులు రాయాలి. ఇన్నింటి నడుమా పాట తప్పనివ్వని ఆమెను ఆయా పనికి కుదిరిన మనిషిలా చూడకండి. మీ బిడ్డకు తొలి గురువు ఆమే; ఆ గౌరవం ఇవ్వండి.