మేక ఎందుకు నవ్వింది? ‘లిటిల్ బుద్ధ’ చిత్రంలో మతకభత్త జాతకం

బెర్నార్డో బెర్తొలూచ్చి 1993లో తీసిన ‘లిటిల్ బుద్ధ’ ఒక జాతకకథతో మొదలవుతుంది. బాలభిక్షువులకు లామా నోర్బు చెప్పే ఆ మేక, పూజారుల కథ పాలి జాతకసంపుటిలోని 547 కథల్లో 18వది. బౌద్ధ మూలసూత్రాలను పిల్లలకు పరిచయం చేయదలచిన దర్శకుడు రాకుమారుని జననంతో గాక మేకతో ఆరంభించడం ఉచితమైన ఎంపిక. అయితే కథ ముగింపు చిత్రంలో మారింది. ఆ మార్పు చిన్నదేమీ కాదు.

జాతకంలో ఒక బ్రాహ్మణుడు పితృకర్మ కోసం మేకను బలికి సిద్ధం చేయిస్తాడు. స్నానం చేయించి దండ వేసిన మేక నవ్వుతుంది, ఆ వెంటనే ఏడుస్తుంది. తానూ ఒకప్పుడు బ్రాహ్మణుడే. ఒక మేకను చంపిన ఫలితంగా 499 జన్మల్లో తల తెగింది, ఇది 500వది. విముక్తి దగ్గరపడినందుకు నవ్వు. ఇక ఆ బాధ బ్రాహ్మణునికి రానున్నందుకు ఏడుపు. బ్రాహ్మణుడు చంపనని మాట ఇచ్చి కాపలా కూడా కాస్తాడు. అయినా పొద మీదికి మెడ చాచి ఆకులు మేస్తుండగా పక్కనున్న బండపై పిడుగు పడి, రాతిపెచ్చు ఎగిరి మేక మెడ తెగుతుంది. వృక్షదేవత నీతి చెప్పేది ఆ తరువాతనే.

చిత్రంలో పిడుగు లేదు. పూజారి పశ్చాత్తప్తుడై మేకలకు రక్షకుడవుతాడు. ఏ ప్రాణినీ బలి ఇవ్వరాదన్న నీతిని పిల్లల నోట పలికించడంతో కథ ముగుస్తుంది. ఏడుపుకు కారణం చిత్రమూ చెప్పింది గాని, ఈ నీతి దాన్ని కమ్మేసింది. కర్మసిద్ధాంతం జీవకారుణ్య పాఠంగా కుదించుకుపోయింది. (కథ చివర ‘నీతి’ని వేరుగా అచ్చువేసే మన వాచకాలకూ ఈ అలవాటు కొత్త కాదు.)

గత వేసవిలో ఆలంపూర్‌లో మా మేనత్త ఇంట పదకొండు మంది పిల్లలకు ఈ చిత్రాన్ని, సంభాషణలను తెలుగులో చెబుతూ చూపించాను. ఆ పిల్లలు బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయాల నడుమ పెరుగుతున్నారు. వారి కళ్ళకు అలవాటైన శిల్పం శైవం. బౌద్ధమంటే కృష్ణ దిగువన ఎక్కడో నాగార్జునకొండలో ఉన్నదని విన్న సంగతి. మేక మాత్రం ఇంటి సంగతి. కథ ముగియగానే ఏడో తరగతి బాలిక ఒకతె అడిగింది: “అక్కా, మొన్న ఎల్లమ్మకు కోసిన యాట గూడ నవ్విందా?”

సియాటిల్‌లో ఉండే చిత్రంలోని జెస్సీకి ఈ ప్రశ్న పుట్టదు. చిత్రపు నీతి అతనికి దూరదేశపు సుద్ది. ఈ బాలికకు అది తన ఇంటివారిపై తీర్పు. జాతకం అటువంటి తీర్పు చెప్పి ఊరుకోదు. అందులో మేక కన్నీరు కార్చింది తనను చంపబోయేవాని కోసం. చంపేవాడూ చచ్చేదీ ఒకే దారిలో ముందువెనుకలుగా నడుస్తున్నవారు. ఈ అన్వయాన్ని పిల్లలు అందుకోలేరనుకోవడం పెద్దల అపోహ.

మూలాన్ని మార్చడమే దోషమని నా వాదం కాదు. వీణాతంతుల ఉపమానం అంగుత్తరనికాయంలో జ్ఞానోదయానంతరం బుద్ధుడు సోణునికి బోధించినది. చిత్రం దాన్ని వెనక్కి జరిపింది. ఉపవాసాలతో శుష్కించిన సిద్ధార్థుడు, నదిపై పడవలో సాగిపోతున్న వాద్యకారుడు శిష్యునికి తీగ బిగింపు గురించి చెబుతున్న మాట వింటాడు. ఉపదేశకుడు కావలసినవాడు ఇక్కడ శ్రోత అయ్యాడు. మూలానికి విరుద్ధమైనా, మధ్యమమార్గం ఒక మనిషికి తట్టిన క్షణం కళ్ళకు కట్టింది. ఆ దృశ్యాన్ని వివరించమని పిల్లల్లో ఎవరూ అడగలేదు. దాని కింద నీతివాక్యమూ లేదు.

చిత్రం అయ్యాక, వదిలివేసిన పిడుగు సంగతి నేనే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎట్లాగూ చచ్చేదే అయితే పూజారి కాపలా కాసి ఏం లాభమని అదే బాలిక నిలదీసింది. నేను సమాధానం వెతుక్కుంటుండగా ఆమె తమ్ముడు అందుకున్నాడు: “పూజారి మెడ దక్కింది గదా!”