చిగుళ్ల మీద నింద

బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో పండ్ల వైద్యం చేసేవాడికి మనిషి నోరు చూస్తే అతని పని కూడా తెలిసిపోతుంది. భూగర్భ గనిలో మంట అంటే ప్రాణాపాయం కాబట్టి బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకని బాయి దిగేవాళ్లలో చాలామంది తంబాకు దవడన పెట్టుకుంటారు. షిఫ్టు మారినప్పుడల్లా తిండి, నిద్ర, పండ్లు తోముకునే వేళ మారిపోతాయి. నడి వయసు దాటేసరికి కదిలే పండ్లు, షుగర్ గోలీలు ఒక్క మనిషి దగ్గరే కనబడతాయి. "సార్, ఈ చిగుళ్ల రోగంతోనే షుగర్ వచ్చిందా?" అని అడుగుతారు.

షుగర్ ఉంటే చిగుళ్లు చెడతాయన్నది పాత సంగతే. 1993లోనే హరాల్డ్ లోయ్ అనే దంతవైద్యుడు చిగుళ్ల వ్యాధిని మధుమేహం తెచ్చే ఆరో చిక్కుగా లెక్కగట్టాడు. తిరగేసి అడిగితేనే చిక్కు. ముదిరిన చిగుళ్ల వాపు ఒళ్లంతా ప్రభావం చూపి ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుందన్న వాదన ఉంది. కానీ బయటికొచ్చాక తాగే బీడీ, పెరిగే పొట్ట, మీదపడే వయసు రెండు రోగాలనూ పెంచేవే. జోడుగా కనబడ్డంత మాత్రాన ఒకటి రెండోదాన్ని తెచ్చిందనలేం.

ఈ ముడి విప్పడానికే జన్యువుల దారి పట్టారు. తల్లిదండ్రుల జన్యువులు బిడ్డకు చీటీలు తీసినట్టు వస్తాయి. ఆ తర్వాత బీడీ గానీ నైట్ షిఫ్టు గానీ ఆ పంపకాన్ని మార్చలేవు. చిగుళ్ల రోగం వైపు నెట్టే జన్యువులున్నవాళ్లకు షుగర్ కూడా ఎక్కువగా వస్తే, చిగుళ్లను అనుమానించాల్సిందే. డేవీ స్మిత్, షా ఇబ్రహీం 2003లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి పేరు మెండీలియన్ రాండమైజేషన్. ప్రధానంగా ఐరోపా జనం సమాచారంతో చేసిన ఈ లెక్కల్లో చిగుళ్లే షుగర్ తెస్తాయనడానికి నిలకడైన రుజువు దొరకలేదు.

అయితే తూకపురాయే తేలిక, అంటే ఈ లెక్కకు వాడే చిగుళ్ల జన్యు గుర్తులే బలహీనం. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో పుచ్చుపండ్లకు సంబంధించి 47 కొత్త జన్యు స్థానాలు బయటపడ్డాయి, చిగుళ్లకు మాత్రం బలమైనవి దాదాపు లేవు. షుగర్ సంగతి వేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చాందక్ బృందం టీసీఎఫ్7ఎల్2 జన్యువుకు భారతీయుల్లోనూ షుగర్‌తో గట్టి సంబంధం ఉందని 2007లోనే చూపింది. చిగుళ్లకు అంత గట్టి గుర్తులు దొరికేదాకా "రుజువు లేదు" అనాలే తప్ప "సంబంధం లేదు" అనకూడదు.

రోగం ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఏం చేస్తే తగ్గుతుందన్నది మరో ప్రశ్న. 35 ప్రయోగాలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్షలో, చిగుళ్లు లోతుగా శుభ్రం చేయించుకున్న షుగర్ రోగుల హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) చేయించుకోనివాళ్లతో పోలిస్తే మూడు నాలుగు నెలల్లో సగటున 0.43 శాతం పాయింట్లు ఎక్కువ దిగింది. గోలీ మానేయడానికి అది చాలదు, క్లీనింగ్ ఎగ్గొట్టడానికి సాకూ మిగల్చదు.

అందుకే నా జవాబు ఒక్కటే: "కాకా, షుగర్ చిగుళ్లతోనే వచ్చిందని చెప్పలేను. తంబాకు మానుకో, చిగుళ్లు సాఫ్ చేయించుకో, గోలీ ఆపకు." షుగర్ లేదనుకునేవాళ్ల చిగుళ్లు బాగా చెడి కనిపిస్తే మాత్రం గని కంపెనీ చేసే మెడికల్ పరీక్ష దాకా ఆగనివ్వను, రక్తపరీక్ష అప్పుడే రాసిస్తాను.