అదే మాట మళ్లీ మళ్లీ

యూనిక్స్ తొలి మాన్యువల్ మీద 1971 నవంబర్ 3 తేదీ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన ఆ పుస్తకంలో ఒక్కో కమాండుకు విడిగా వివరం. ముందు పేరు, తర్వాత వాడే తీరు, ఆపైన వివరణ, చివరి వైపు బగ్స్. తమ ప్రోగ్రాములోని లోపాలను తామే అచ్చులో ఒప్పుకున్న ఆ ధైర్యం అరుదైనది. నేటి మ్యాన్ (మాన్యువల్) పేజీలదీ దాదాపు అదే వరుస.

వరుస నిలిపినంత సులువు కాదు మాట నిలపడం. పర్యాయపదాల అమరకోశం వల్లెవేసిన వారికి ఒకే మాట పదిసార్లు రావడం చప్పగా తోస్తుంది. మాన్యువల్ చదివేవారి లెక్క వేరు. మాట మారిందంటే వస్తువే మారిందనుకుంటారు. యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం ఉన్న పాజిక్స్ ప్రమాణంలో ఫైల్‌నేమ్, పాత్‌నేమ్ ఒకటి కావు. దారిలోని ఒక్క ముక్క పేరు మొదటిది, దారి మొత్తం రెండోది. రచయిత విసుగు పుట్టి ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ప్రోగ్రామర్ తప్పు కోడు రాస్తాడు. ‘మే నాట్’ అన్న ఇంగ్లిష్ ప్రయోగం మరీ ప్రమాదకరం: చేయకూడదనా, చేయకపోయినా ఫరవాలేదనా? అందుకే పాజిక్స్ రెండో అర్థానికి ‘నీడ్ నాట్’ అనే వాడుతుంది.

వెతుకులాటకూ దీనితో పని ఉంది. మ్యాన్ పేజీలను వెతికే ఎప్రొపో కమాండు మామూలుగా పేజీ పేరులోనూ, మొదట్లోని ఒక్క వాక్యపు పరిచయంలోనూ మాత్రమే వెతుకుతుంది. అక్కడ ‘సిమ్‌లింక్’ అని కుదించి రాస్తే ‘సింబాలిక్ లింక్’ అని కలిపి అడిగినవారికి ఆ పేజీ దొరకదు. ఇలాంటి జంటల్లో ఏది వాడాలో చెప్పే పట్టిక లినక్స్ మ్యాన్ పేజీల శైలి నియమాల్లోనే ఉంది. ఆ నియమాలూ ఒక మ్యాన్ పేజీయే.

పేజీ రూపం విషయంలో కొంత సాయం దొరికింది. మ్యాన్ పేజీలు రాయడానికి వాడే పాత మ్యాన్ మాక్రోలు ప్రధానంగా ఏది బొద్దుగా, ఏది వాలుగా కనిపించాలో చెబుతాయి. యూనిక్స్ శాఖ అయిన బీఎస్‌డీ కోసం సింథియా లివింగ్‌స్టన్ రూపొందించిన ఎమ్‌డాక్‌లో ఇది ఆప్షన్, ఇది ఆర్గ్యుమెంట్ అని చెబితే చాలు, రూపం దానంతటదే వస్తుంది. శైలి కాపాడే బరువు రచయిత మీద అంతమేరకు తగ్గింది. పదాల ఎంపికకు మాత్రం ఎమ్‌డాక్‌లో అలాంటి యంత్రం లేదు.

వందల పేజీల్లో ఒకేసారి మాట మార్చడానికీ ఖర్చుంది. మారిన ప్రతి వాక్యాన్నీ అనువాదకులు మళ్లీ చూడాలి. అసలు విషయంలో వచ్చిన మార్పేదో పేజీల మార్పుల చరిత్రలో వెతకడం కష్టమవుతుంది. అందుకే పదాల సవరణను విషయ సవరణతో కలపకుండా వేరే ప్యాచ్‌గా పంపడం మంచి పద్ధతి.