కొత్తవాడ జంపఖానా

వరంగల్‌లో వస్త్రాల తయారీకి చిరునామా ఏదంటే చాలామంది ఆజంజాహీ మిల్లు పేరే చెబుతారు. 1934లో వెలసిన అంత పెద్ద మిల్లూ మూతపడింది. అదే ఊళ్లో కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నాయి. వరంగల్ నుంచి 1851 లండన్ ప్రదర్శనకెక్కినవి ముడులేసి నేసిన తివాచీలు కదా, ఈ జంపఖానాలకూ వాటికీ పొంతనేమిటని అడగవచ్చు. నిజమే, సరుకు మారింది. పడుగు బిగించడం, ప్రతి వరుసనూ పంజా అనే దువ్వెనతో దిగ్గొట్టడం మాత్రం రెండింటికీ ఒకటే. మరమగ్గం చౌకగా నేయదా? నేస్తుంది. కానీ రంగు మారే చోట రెండు పేకలను ఒకదానితో ఒకటి మెలేసి, చీలిక పడకుండా, రెండు వైపులా ఒకే బొమ్మ తేల్చడం వేళ్లకు తెలిసిన విద్య. 2018లో ఈ జంపఖానాలకు దక్కిన భౌగోళిక గుర్తింపు అసలు ఆ వేళ్లదే. కూలి కూడా దానికి తగ్గట్టే ముట్టాలి.