నీటి ఆవిరి వదిలే కారు సచిన్‌కు పనికొస్తుందా?

హైడ్రోజన్ కారు గురించి ఎక్కడ చదివినా ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: దీని గొట్టంలోంచి పొగ రాదు, నీళ్లే వస్తాయి. మాట నిజమే. కాని గొట్టం దగ్గర నిలబడి చూస్తే కారు సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఆ హైడ్రోజన్ తయారయ్యే చోట ఉంది. రెండు సగాలనూ కలిపి చూసి, రోజువారీ ప్రయాణానికి ఈ బండి తగినదో కాదో తేల్చుకుందాం. నడిపి చూసి ఇచ్చే తీర్పు కాదిది, లెక్క వేసి ఇచ్చే తీర్పు.

లెక్కకు ఒక ఊరు కావాలి. సచిన్‌ను తీసుకుందాం. ఈ సచిన్ క్రికెట్ ఆటగాడు కాదు, సూరత్‌కు దక్షిణాన బొంబాయి రైలు మార్గం మీద ఉన్న ఊరు. అద్దకం మిల్లులు, మరమగ్గాలు, రసాయన కర్మాగారాలు కిక్కిరిసిన పారిశ్రామికవాడ. సూరత్ మగ్గాలను నమ్ముకుని వలస వచ్చిన తెలంగాణ కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. తాపీ నది ఆవలి ఒడ్డున ఉన్న హజీరాలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ 2022 ఆగస్టులో రోజుకు 45 కిలోల సామర్థ్యంతో హరిత హైడ్రోజన్ కేంద్రాన్ని ప్రారంభించింది. కవాస్‌లో ఎన్‌టీపీసీ 2023 జనవరి నుంచి తన కాలనీ వంటగ్యాసులో హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టింది. అంటే ఇంధనం ఇరుగుపొరుగునే పుడుతోంది. ఇక్కడ కూడా ఈ కారు నెగ్గకపోతే మరెక్కడ నెగ్గుతుంది?

కారు లోపల ఏం జరుగుతుంది?

ఇంధన ఘటం సూత్రం పాతదే. విలియం గ్రోవ్ 1839లోనే దాన్ని చూపించాడు. 1965లో జెమిని-5 వ్యోమనౌకకు విద్యుత్తు ఇచ్చింది ఇదే. నేటి కారులో ఒక పలుచని ప్లాస్టిక్ పొరకు ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు గాలి ప్రవహిస్తాయి. ప్లాటినం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడదీస్తుంది. పొర ప్రోటాన్లను మాత్రమే సాగనిస్తుంది. ఎలక్ట్రాన్లు తీగ గుండా చుట్టూ తిరిగి వస్తూ మోటారును తిప్పుతాయి. అవతలివైపు రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. కనుక ఇది కూడా విద్యుత్ కారే. బ్యాటరీని గోడ ప్లగ్గు నింపుతుంది, దీనికి మాత్రం విద్యుత్తు లోపలే తయారవుతుంది. అంతే తేడా.

ఈ రకంలో పేరు పొందినది టయోటా మిరాయ్. 2014లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఇందులోనే పార్లమెంటుకు వెళ్లారు. దీని ట్యాంకుల్లో 5.6 కిలోల హైడ్రోజన్ వాతావరణ పీడనానికి 700 రెట్ల పీడనంతో ఉంటుంది. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఒకసారి నింపితే 650 కి.మీ. పోతుందని తయారీదారు చెబుతున్నారు. మనం కిలోకు 100 కి.మీ. అనుకుందాం. శబ్దం ఉండదు, కుదుపు ఉండదు. యంత్రంగా దీనికి మంచి మార్కులే వేయాలి.

యూనిట్ల లెక్క

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. నీటిని విద్యుద్విశ్లేషణ చేసి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని కుదించి, చల్లబరచి ట్యాంకులో నింపడానికి మరికొన్ని యూనిట్లు. మొత్తం 60 యూనిట్లు ఖర్చుపెడితే కారు 100 కి.మీ. నడుస్తుంది. అదే దూరానికి బ్యాటరీ కారుకు, చార్జింగులో పోయేదానితో సహా, దాదాపు 20 యూనిట్లు చాలు. సచిన్ నుంచి సూరత్ వెళ్లి, పని చూసుకుని వచ్చే మనిషి రోజుకు 40 కి.మీ. తిరుగుతాడనుకోండి. ఒకదానికి 24 యూనిట్లు, మరొకదానికి 8. యూనిట్ 8 రూపాయలనుకుంటే రోజుకు 192 రూపాయలు, 64 రూపాయలు. ఇంకా బంకు పెట్టుబడి, యజమాని లాభం ఇందులో చేర్చనేలేదు.

మరి పొగ సంగతి? మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. ఆ కరెంటుతోనే హైడ్రోజన్ తీస్తే 100 కి.మీ.లకు 42 కిలోలు. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే పెట్రోలు కారు వదిలేది దాదాపు 15 కిలోలు, బ్యాటరీ కారు లెక్కన పడేది 14. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్ అయితే పదికిలోల దాకా వస్తుంది. సౌరవిద్యుత్తుతో తీసినదే నిజంగా శుభ్రమైనది. కాని అదే సౌరవిద్యుత్తు మూడు బ్యాటరీ కార్లను నడపగలదు కదా? గొట్టంలోంచి వచ్చే నీళ్లు ఈ మాట చెప్పవు.

సచిన్ గాలి, సచిన్ భయం

రెండో పరీక్ష గాలిది. ఇంధన ఘటం ఊపిరి పీల్చేది బయటి గాలినే. గంధక వాయువులు, అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లు ప్లాటినానికీ పొరకూ పడవు. రసాయన కర్మాగారాల మధ్య తిరిగే బండికి వడపోత ఎంతకాలం కాపు కాస్తుందో ఇలాంటి ఊళ్లోనే పరీక్షించాలి. ఇంధనం కూడా 99.97 శాతం శుద్ధంగా ఉండాలి. ఫ్యాక్టరీలో మిగిలిన హైడ్రోజన్‌ను నేరుగా ట్యాంకులోకి పట్టడం కుదరదు.

మూడోది భయం. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ నుంచి వెలువడిన విషవాయువు ఆరుగురు కార్మికులను బలిగొంది. గ్యాసు అంటే ఈ ఊరు ఉలిక్కిపడటంలో వింత లేదు. న్యాయంగా చెప్పాలంటే హైడ్రోజన్ విషం కాదు. అన్నింటికంటే తేలిక కనుక ఆరుబయట లీకైతే క్షణాల్లో పైకి పోతుంది. అయితే గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకోగలదు. మంట పగటివేళ కంటికి ఆనదు. వంటగ్యాసులో కలిపినట్టు వాసన కలపలేం, ఆ గంధక పదార్థమే ఘటాన్ని పాడుచేస్తుంది. కాబట్టి అపార్ట్‌మెంట్ కింద మూసి ఉన్న పార్కింగులో లీకు పసిగట్టే పరికరం, గాలి పోయే దారి తప్పనిసరి. 2019 జూన్‌లో నార్వేలో ఓస్లో దగ్గర ఒక హైడ్రోజన్ బంకు పేలడానికి కారణం సరిగా బిగించని బోల్టులు. సిద్ధాంతం ఎంత గట్టిదైనా, పానా పట్టిన చేతికి శిక్షణ లేకపోతే ముప్పే.

ఎవరి వాటా ఎవరికి?

బంకులు లేని కారు చక్రాలు లేని బండితో సమానం. ఈ కార్లు వేల సంఖ్యలో తిరిగిన కాలిఫోర్నియాలోనే కిలో ధర 36 డాలర్లకు చేరింది. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ అక్కడ తన కార్ల బంకులు మూసేసింది. నమ్మి కొన్నవాళ్లు ఇరుకున పడ్డారు. జీవితంలో ఒక్కసారి కారు కొనే మన మధ్యతరగతి ఈ సంగతి గమనించాలి.

అలాగని హైడ్రోజన్‌నే కొట్టిపారేయకండి. హజీరాలోని క్రిభ్‌కో ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా చేయాలంటే హైడ్రోజన్ కావలసిందే. ఈనాడు అది సహజవాయువు నుంచి వస్తోంది. కారుకు బ్యాటరీ అనే మరో దారి ఉంది, అమ్మోనియాకు లేదు. రోజుకు 45 కిలోలంటే మన సచిన్ మనిషి లాంటి 112 మందికి సరిపడేంతే. ఇంత అరుదైన సరుకును ముందుగా ఎక్కడ వాడాలి?

ప్రభుత్వం తీరు చూస్తే ఈ వివేకం కొంత కనిపిస్తోంది. 2025 మార్చిలో కేంద్రం 37 వాహనాలతో, 9 బంకులతో ప్రయోగాలు మంజూరు చేసింది. ఆ దారుల్లో అహ్మదాబాద్–వడోదర–సూరత్ ఒకటి, మన విశాఖపట్నం–బయ్యవరం మరొకటి. ఆ 37లో ఉన్నవి బస్సులు, లారీలు. కారు ఒక్కటీ లేదు. రోజంతా బరువు మోస్తూ ఒకే దారిలో తిరిగి ఒకే బంకుకు వచ్చే బండికి ఈ ఇంధనం నప్పవచ్చు. ఆ ప్రయోగాల ఫలితాలు, కిలోకు ఎన్ని యూనిట్లు పట్టాయో సహా, ప్రజల ముందు పెట్టాలి.

సొంత కారుగా మాత్రం నా తీర్పు స్పష్టం: యంత్రం గొప్పది, పని తప్పు. రేపు ఎవరైనా మీకు ఈ కారు చూపించి గొట్టం కింద గ్లాసు పట్టి నీళ్లిస్తే పుచ్చుకోండి. ఆ పైన ఒక్క ప్రశ్న అడగండి: ఈ హైడ్రోజన్ ఎక్కడిది, ఎన్ని యూనిట్లు పట్టింది?