టేపు పాటకు పెదవి కదలిక

టేపు వేదికెక్కడం కొత్తేమీ కాదు. 'ది హూ' బృందం 1971 నుంచే సింథసైజర్ భాగాల్ని టేపు మీద నడిపింది. డ్రమ్మర్ కీత్ మూన్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ నడకకు లొంగి వాయించేవాడు. లయను నడిపించాల్సిన వాడే యంత్రం వెంట నడిచాడన్నమాట. 1975 నాటి 'బొహీమియన్ రాప్సొడీ'లో పొరలు పొరలుగా రికార్డు చేసిన గొంతుల భాగం రాగానే 'క్వీన్' వాళ్లు వేదిక దిగిపోయేవారు, టేపు పాడేది. నలుగురివల్ల కానిదాన్ని నలుగురి ముందూ ఒప్పుకోవడం అది. అందులో మోసం లేదు.

ఇప్పటి వృద్ధ బృందాల సంగతి వేరు. డెబ్బై ఏళ్ల గొంతు పాత శ్రుతి అందుకోలేకపోతే నేరమా? శ్రుతి దించి పాడుకోవచ్చు. కాని మార్కెట్టు అమ్ముతున్నది ఆ మనిషిని కాదు, అతని పాతికేళ్ల వయసును. సరుకు ముసలిదవకూడదు గనక గొంతును ట్రాకులో దాచి పెదవుల్ని ముందుకు తోస్తారు.

'కిస్' బృందం జీన్ సిమ్మన్స్ 2015లో ఈ ట్రాకుల్ని తప్పుపట్టి, ఆ సంగతి టికెట్ మీదే అచ్చెయ్యాలన్నాడు. 2023లో ముగిసిన వాళ్ల వీడ్కోలు యాత్రమీదే శ్రోతలు అదే ఆరోపణ చేశారు! ఆయన కోరిక మాత్రం న్యాయమైనదే. ఆ ముక్క ధర పక్కనే, ధరంత అక్షరాలతో వెయ్యాలి.